కోపం మీద నడిచిన టీవీ

మధ్యాహ్నం కరెంటు పోగానే కింది వాటా వాళ్లు టీవీ ఎత్తుకుని పైకి వచ్చేవారు. ముందు శేషారత్నం మెట్లు చూపిస్తూ, వెనక ఆమె కూతురు సింధు టీవీని పొట్టకు ఆనించుకుని. ఇల్లుగలావిడ కిరాయికున్నవాళ్ల ఇంటికి టీవీ మోసుకుపోవడం దిల్‌సుఖ్‌నగర్‌లో మరే వీధిలోనూ జరిగి ఉండదు. కానీ అవి తెలంగాణ కోసం సాగిన సకల జనుల సమ్మె రోజులు. బొగ్గు గనులు ఆగాయి, బస్సులు ఆగాయి, సింధు చదివే కాలేజీ మూతపడింది. కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో అడగడం కూడా జనం మానేశారు. అంతా ఆగిన ఆ ఊళ్లో పై వాటా అండాలమ్మ ఒక్కతే ఆగకుండా నడుస్తోంది.

ఆమెకు కోపం వస్తే కరెంటు పుట్టేది. నల్లగొండ పల్లెలో ఫ్లోరైడు నీళ్లు తాగి వంకరపోయిన ఆమె కుడిచేతికి ఒక వెండి కడియం ఉండేది. టీవీ ప్లగ్గును దానికి ఆనించి కడితే చాలు, బొమ్మ వచ్చేది. వీధిలో వాళ్లు సెల్‌ఫోన్లు ఛార్జింగుకు తెచ్చుకునేవారు. కరెంటాఫీసు నుంచి ఒకాయన వచ్చి, దీనికి మీటరు పెట్టాలా అక్కర్లేదా అని కాసేపు ఆలోచించి, మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు.

చిక్కల్లా ముసలామె కోపం చల్లారినప్పుడే. బొమ్మ మసకబారేది. అప్పుడు శేషారత్నం పూనుకునేది. ఆమెది గుంటూరు వైపు.

"మా నాన్నగారు సాగర్ కాలవ కింద ఏటా రెండు పంటలు తీసేవారండీ. చేలో నీళ్లు ఎక్కువైపోయాయని గట్టు తెగ్గొట్టించేవారు," అనేది తాపీగా.

"మా ఊరి గుట్టెక్కితె సాగర్ నీళ్లు కనవడ్తయి. చూసుడే గని, ఒక్క చుక్క మాకు రాకపాయె," అని అండాలమ్మ పళ్లు నూరేది. బొమ్మ తళతళలాడేది.

"ఇంకొంచెం చెప్పమ్మా, సౌండ్ సరిగ్గా రావట్లేదు," అనేది సింధు.

రాష్ట్రం విడిపోకూడదని శేషారత్నం పట్టుదల. విడిపోవాల్సిందేనని అండాలమ్మది అంతకన్నా గట్టి పట్టుదల. ఇద్దరూ ఒకే చాప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ సినిమా చూసేవారు.

వాళ్ల వెనక గోడకానుకుని కూర్చునేది అండాలమ్మ కోడలు విజయశ్రీ. సిటీ బస్సు కండక్టరు. భర్త శ్రీనివాస్ డ్రైవరుగా చేస్తూ చనిపోతే, ఆ ఇంటికిచ్చిన ఉద్యోగం అది. ఇంకా పక్కా కాలేదు. అది పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలిగే దారి లేదు. అయినా అందరితోపాటు సమ్మెకు దిగింది. దిగిందేగానీ, డిపో గేటు ముందు నినాదాలిచ్చేటప్పుడు ఆమె నోరు పెగిలేది కాదు. కోపం రాని మనిషని ఆమెకు పేరు. ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ తిట్టినవాణ్ణి కూడా "జర లోపలికి రా అన్నా, పడ్తవ్" అనే రకం.

సింధు పెన్‌డ్రైవ్‌లో తెచ్చినవి లోకమంతా ఎప్పుడో చూసేసిన అంతరిక్షం సినిమాలు, తెలుగు డబ్బింగులో. ఆ ఇంట్లో ఎవరూ చూసినవి కావు. గ్రహాలన్నిటినీ తొక్కిపట్టి ఏలే చక్రవర్తి ఒకడు, వాడికి ఎదురు తిరిగే గుప్పెడు మంది. తగువు మొదటి రోజే మొదలైంది, తెర మీద నాలుగో భాగం అని పడగానే.

"మొదటి మూడు ఏడ వెట్టినవ్ పిల్లా?" అంది అండాలమ్మ.

"వాళ్లు ముందు ఇదే తీశారు మామ్మగారూ. మొదటి మూడూ తర్వాత తీశారు."

"ఎన్కటి ముచ్చట దాచిపెట్టి నడిమిట్లకెల్లి మొదలువెడ్తరా? మాతోని గూడ గట్లనే జేసిండ్రు."

బొమ్మ ఎంత వెలిగిందంటే సింధు బ్రైట్‌నెస్ తగ్గించాల్సి వచ్చింది.

ఆ ఎదురు తిరిగేవాళ్లు మేమేనని అండాలమ్మ తేల్చేసింది. "అదేంటండీ, ఇల్లూ వాకిలీ వదిలి పొమ్మంటున్నది మమ్మల్ని కదా. వాళ్లు మేమే," అంది శేషారత్నం. చక్రవర్తి మాత్రం ఎదుటిపక్షం వాడేనని ఇద్దరికీ అనుమానం లేదు. ముఖాలు కనిపించని హెల్మెట్ల సైనికులు వరసగా వచ్చినప్పుడు విజయశ్రీ ఒక్కమాట అంది. "గీళ్లను నేను ఎల్బీనగర్ చౌరస్తాల లాఠీలతోని చూసిన." దానికి మాత్రం అందరూ ఒప్పుకున్నారు.

ఆఖరి భాగం నడుస్తుండగా డిపో కంట్రోలర్ పట్టాభి మెట్లెక్కి వచ్చాడు. కింద జీపు ఆగి ఉంది.

"ఎల్బీనగర్ కాడ పోలీసు కాపలాతోని ఒక బస్సు తీస్తున్నం విజయశ్రీ. డ్రైవర్ దొరికిండు. కండక్టర్‌గ నువ్వు రావాలె. ఇయ్యాల రాకుంటే రేపు నీ పేరుండదు."

ఆ ఒక్క బస్సు కదిలితే సమ్మె విరిగిందని సాయంత్రం ఊరంతా చెప్పుకుంటుంది. ఆ సంగతి విజయశ్రీకి తెలుసు. అత్త ఇప్పుడు ఈయన్ని కడిగిపారేస్తుంది అనుకుని అటు చూసింది. పట్టాభి కూడా అటే తిరిగాడు.

"నీ కొడుకు నౌకరి అమ్మా. పోతే మళ్ల రాదు."

టీవీలో తిరుగుబాటుదారుల ఓడలు మసకబారాయి. శేషారత్నం గాభరాగా అందుకుంది. "మా నాన్నగారు ఏటా రెండు పంటలు తీసేవారండీ." బొమ్మ రాలేదు. "మూడు పంటలండీ," అని అబద్ధం కూడా ఆడింది. తెర పూర్తిగా నల్లబడింది.

"పో బిడ్డా," అంది అండాలమ్మ తల దించుకుని. "పోయిరా. మనతోని ఏమైతది."

ఆ గొంతు విజయశ్రీ ఎన్నడూ వినలేదు. కొడుకు శవం ముందు కూర్చుని కూడా దేవుణ్ణి నిలదీసిన మనిషి ఆమె. విజయశ్రీ దగ్గరికి వెళ్లి, అత్త కడియం నుంచి ప్లగ్గు విప్పడానికి వంగింది. అండాలమ్మ ఆ వంకర చెయ్యి తనంతట తనే ముందుకు పెట్టింది. ఇంత మనిషి చేత తల దించించారు కదా అనుకునేసరికి విజయశ్రీకి ఒళ్లు మండిపోయింది. చనిపోయిన మొగుడి కాడికి, వాన నీళ్లలో మునిగిన బస్సుల్లో నిలబడి చేసిన డ్యూటీల కాడికి, మింగిన తిట్లన్నిటి కాడికి ఆ మంట పాకింది.

ప్లగ్గు ఆమె గుప్పిట్లోకి వచ్చింది. తెర భగ్గున వెలిగింది. పైన ఫ్యాను తిరిగింది. కింది వాటాలో మిక్సీ మొదలైంది. వీధిలో ఎవరో కరెంటొచ్చిందని కేకేశారు.

పట్టాభి కాసేపు తెర వంక చూశాడు. "సరే, సిన్మా అయిపోయినంక రా. అందాక జీపుల కూసుంట."

"అయినంక గూడ రాను సార్."

"నౌకరి పోతది."

"పోనియ్యి. అది మా ఆయన నౌకరి. ఆయనుంటే గా బస్సు తియ్యకపోతుండె."

పట్టాభి ఇంకేదో అనబోయాడు. శేషారత్నం చిక్కుడుకాయల పళ్లెం పక్కన పెట్టింది. "ఆవిడ రానంటోంది కదండీ. తెరకడ్డం నిలబడకండి."

ఆయన మెట్లు దిగిపోయాడు. ఆ పూట ఎల్బీనగర్ చౌరస్తాలో పోలీసులు ఖాళీ బస్సుకు కాపలా కాశారు.

సినిమా నడుస్తూనే ఉంది. కొంతసేపటికి అండాలమ్మ తలెత్తి, కోడలి వైపు చెయ్యి చాపింది.

"ఇగ ఇటియ్యి బిడ్డా. నీ చెయ్యి నొస్తది."

"ఉండనీ అత్తమ్మా," అంది విజయశ్రీ. "నాకింకా మస్తుగున్నది."