గోరు దిగని ప్లాస్టిక్

మా దుకాణానికి వచ్చేవాళ్లలో పార్టు పేరు చెప్పి అడిగేవాళ్లు తక్కువ. విరిగిన ముక్క తెచ్చి కౌంటరు మీద పెడతారు. "గిది ఉన్నదా?" అంటారు. కంపెనీ దానికొక పేరు పెడుతుంది, మెకానిక్ ఇంకో పేరు పెడతాడు, బండి నడిపేవాడికి అది "గిది" మాత్రమే. ముక్క లేకుండా ఎవరైనా వస్తే, పోయి సాంపిల్ పట్టుకరా అని పంపిస్తాను.

దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనక గల్లీలో మాది చిన్న దుకాణం. బండిలో ప్లాస్టిక్ పోయిన చోట ఇనుముదో ఇత్తడిదో పెట్టించుకునేవాళ్లు మా దగ్గరికి వస్తారు. కంపెనీ ప్లాస్టిక్‌తో చేస్తుంది, మన రోడ్లు విరుస్తాయి, నేను లోహం అమ్ముతాను. ఇల్లు నడిచింది, మీర్‌పేట్‌లో రెండంతస్తులు లేచింది ఆ తేడా మీదనే. ప్లాస్టిక్ సరుకు కూడా కొంత పెట్టుకోక తప్పదు. అది వచ్చినప్పుడు మా అమ్మ మణెమ్మ కౌంటరు పక్క స్టూలు మీద కూర్చుని, ఒక్కో రకంలోంచి ఒకటి తీసి బొటనవేలి గోరు గుచ్చి చూస్తుంది. గోరు ముద్ర పడితే వాపసు. పడకపోతే అరలోకి. చదువు రాదు, ఆ గోరు మాత్రం ఇప్పటిదాకా తప్పు చెప్పలేదు.

ఆ అమ్మే దుకాణం మెట్టు దిగుతూ పడింది. పడ్డచోటి నుంచి లేవలేకపోయింది.

ఎల్‌బీనగర్‌లో రింగురోడ్డు పక్కనున్న దవాఖానలో చేర్చాం. నా భార్య అరుణజ్యోతి వరండాలో గోడకు తల ఆనించి ఏడ్చింది. నేను ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూశాను. తుంటి దగ్గర విరుపు శుభ్రంగా ఉంది, నలగలేదు. నాకు వచ్చిన ఆలోచన అదొక్కటే. భయం రాలేదు, దుఃఖం రాలేదు. నాన్న పోయినప్పుడూ ఇంతే, చితి కట్టెలు ఎండినవా కాదా అని చూశాను.

డాక్టరమ్మది కోస్తా వైపు మాట. నెమ్మదిగా చెప్పింది.

"మీ అమ్మగారి తుంటిలో బంతిలా ఉండే ఎముక కిందనే విరిగిందండి. అతికించినా నిలవదు. బాగా తిరిగే మనిషి కాబట్టి మొత్తం కీలు మార్చేద్దాం. బంతి మెటల్‌ది వేస్తాం. అది తిరిగే గిన్నె లోపల గట్టి ప్లాస్టిక్ ఉంటుంది."

"ప్లాస్టికా?" అన్నాను.

"మామూలు ప్లాస్టిక్ కాదండి."

"ఏదైనా ప్లాస్టిక్ ప్లాస్టికే కదా మేడం. అది కూడా మెటల్‌దే వేయండి. ఖర్చు సంగతి నేను చూసుకుంటా."

"ఒకప్పుడు అలా వేసేవారు. మెటల్ మీద మెటల్ రాసుకుని పొడి రాలుతుంది. ఆ పొడి చుట్టూ ఉన్న కండలోకి, రక్తంలోకి పోతుంది. అందుకే మానేశారు."

నేను తల ఊపాను, కానీ ఆమె మాట నాలోకి పోలేదు. బజారులో ఇటువంటి మాటలు ఎన్ని విన్నాను. అరిగే సరుకు అంటగట్టేవాడు ఎప్పుడూ ఒక మంచి కారణం చెప్తాడు. అరిగితే గిరాకి తిరిగి వస్తాడు, అదీ లెక్క. ఎదుట తెల్లకోటు ఉన్నా నాకు కనిపించింది ఇంకో కౌంటరు.

"ఆలోచించి చెప్తా" అన్నాను.

"ఎక్కువ ఆలోచించకండి. ఈ వయసులో మంచం మీద ఉంచేకొద్దీ నెమ్ము చేస్తుంది. రేపు పొద్దున థియేటరు ఖాళీ ఉంది. సంతకం పెడితే మొదట మీ అమ్మగారినే తీసుకుంటాను."

సంతకం పెట్టలేదు. మా గల్లీలో బ్యాటరీలు అమ్మే గోపయ్యకు ఫోన్ చేశాను. మొత్తం మెటల్ వేసే దవాఖాన ఎక్కడైనా ఉందేమో కనుక్కోమన్నాను. ఉంటే అంబులెన్సులో మార్చుకోవచ్చని లెక్క వేసుకున్నాను.

లోపలికి పోతే అమ్మ కళ్లు మూసుకునే అడిగింది.

"ఏమన్నరు కొడకా?"

"చూస్తున్న."

"చూసుడేంది? గిరాకొస్తే గిట్లనే నిలవెడ్తవా?"

"మంచిది పెట్టియ్యాలె గదనే."

"మంచిది, చెడ్డది నాకెందుకు. లేసి నా అంతట నేను బాత్రూముకు పోయే తొవ్వ జూడు. కోడలితోని ఎత్తించుకునుడు నాతోని కాదు." అరుణజ్యోతి వైపు తల కొంచెం తిప్పింది. "నువ్వు మంచిదానివే బిడ్డా. అయినా కాదు."

అరుణజ్యోతి నన్ను బయటికి పిలిచింది.

"సంతకం పెట్టుండ్రి. డాక్టరు చెప్పింది గద."

"డాక్టరు ఏం అమ్ముతుందో నీకు ఎరుకేనా?"

"మీరు ఏం కొంటున్నరో మీకు ఎరుకేనా?" అని, లోపలికి పోయి అమ్మ పక్కన కూర్చుంది.

మర్నాడు పొద్దున ఆ థియేటరు ఇంకెవరికో ఇచ్చారు. అమ్మకు దగ్గు మొదలైంది. దగ్గినప్పుడల్లా కాలు కదిలి పళ్లు బిగబట్టుకుంటోంది. నేను కాసేపు మంచం పక్కన నిలబడ్డాను. నిలబడి చేసేదేమీ లేదనిపించి, మెట్రో ఎక్కి వెళ్లి దుకాణం తెరిచాను. అమ్మ స్టూలు ఖాళీగా ఉంది. దాని మీద కొత్తగా వచ్చిన బ్రేకు లీవర్ల పెట్టె పెట్టాను, చోటు వృథా ఎందుకని.

కాసేపటికి లచ్చయ్య వచ్చాడు. బాటసింగారం మార్కెట్లో పండ్లు కొని, మోపెడ్ మీద మూసారాంబాగ్‌లో తిరుగుతూ అమ్ముతాడు. మోచేతికి కట్టు ఉంది. పేపరు పొట్లం కౌంటరు మీద పెట్టాడు.

"సేటు, నువ్వు పెట్టిన ఇనుప గేరు ఇరుగలే," అన్నాడు. "అదొక్కటి తప్ప అన్నీ ఇరిగినయ్."

"కూసో లచ్చన్నా. ఏమైంది?"

"ఏమైతది, బండి ముందల చక్రం బిగుసుకపోయింది. లారీల నడుమ పడ్డ. ట్రేలల్ల మామిడిపండ్లు రోడ్డు మొత్తం పర్సుకున్నయ్. నేను మోచెయ్యి పట్టుకొని కూసుంటే జనం పండ్లు ఏరుకున్నరు. ఒకాయన నన్నే అడిగిండు, ఇవి తియ్యగుంటయా అని."

"నువ్వేమన్నవు?"

"తిని చెప్పు అన్న."

పొట్లం విప్పాను. ముందు చక్రం గూడులో స్పీడు మీటరు వైరును తిప్పే పళ్ల చక్రాలు రెండుంటాయి. చిన్నది ప్లాస్టిక్‌ది, మాటిమాటికీ పళ్లు పోతాయి. లచ్చయ్యకు విసుగొచ్చి ఇనుముది అడిగాడు, నేను పెట్టించాను. ఇప్పుడు ఆ చిన్న గేరు నా చేతిలో కొత్తదానిలా ఉంది. దాన్ని ఆనుకుని తిరిగే పెద్ద గేరుకు పళ్లు లేవు. పక్కన బేరింగు నల్లగా పట్టేసి ఉంది. దానికి అంటిన గ్రీజు కొంచెం తీసి రెండు వేళ్ల మధ్య రుద్దాను. ఇసుకలా తగిలింది. వెలుతురుకు పెడితే సన్నగా మెరిసింది.

"మెకానిక్ ఏమన్నడు?"

"నీ ఇనుము పక్కదాన్ని తిన్నదంట. గా పొడి బేరింగుల పడ్డదంట. ప్లాస్టిక్‌ది ఉంటే అదొక్కటే పోతుండె, మీటరు బందైతుండె, అంతే. గాయన చెప్పిన మాట, నాకేమెరుక."

వేళ్లు తుడుచుకోలేదు. ఆ గ్రీజు అట్లాగే రుద్దుతూ కూర్చున్నాను. డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు, ముక్క ముక్కగా, ఇప్పుడు వినపడింది. పొడి రాలుతుంది. కండలోకి, రక్తంలోకి పోతుంది. నిన్న ఆమె చేతిలో సాంపిల్ లేదు, అందుకే నాకు ఎక్కలేదు. నేను ముక్క చూస్తేగానీ నమ్మని మనిషిని.

ఫోన్ మోగింది. గోపయ్య.

"అన్నా, ఒక కాడ దొరికింది. మొత్తం మెటలే ఏస్తరంట. అంబులెన్సు మాట్లాడాల్నా?"

"వద్దు" అన్నాను.

"నిన్న గంత పరేషాన్ చేస్తివి?"

"వద్దు గోపన్నా. ఫోన్ పెట్టేస్తున్న."

లచ్చయ్య బండికి కొత్త బేరింగు, కొత్త పెద్ద గేరు, ప్లాస్టిక్ చిన్న గేరు పొట్లం కట్టి ఇచ్చాను. అతను జేబులో చెయ్యి పెడితే వద్దన్నాను.

"ప్లాస్టిక్‌దేనా సేటు? నీ చేతితోని?"

"అదే పెట్టియ్యి. పళ్లు పోతే మళ్లా రా."

లీవర్ల పెట్టె స్టూలు మీది నుంచి తీసి కింద పెట్టి, షట్టరు దించాను.

దవాఖానలో డాక్టరమ్మ వార్డు తిరగడం అయ్యేదాకా వరండాలో నిలబడ్డాను. అరుణజ్యోతి నా వేళ్ల మీది నలుపు చూసింది.

"మేడం, ఆ గిన్నె సాంపిల్ ఏమన్న ఉంటదా? ఒకసారి చూస్త."

ఆమె ఒక క్షణం నా మొహం చూసి, గదిలోకి పోయి సొరుగులోంచి తీసుకొచ్చింది. ఇది రోగులకు చూపించడానికే ఉంచుకున్నది, లోపల వేసేది వేరే సీలుతో వస్తుంది అని చెప్పింది. తెల్లగా, చిన్న పాల గిన్నెలా ఉంది. చేతిలో బరువు లేదు. లోపలివైపు బొటనవేలి గోరు పెట్టి గట్టిగా గుచ్చాను. జారింది. మళ్లీ గుచ్చాను. గోరు వంగింది. వెలుతురుకు తిప్పి చూస్తే ముద్ర లేదు, నా వేలి మరక తప్ప.

"మరక అయింది మేడం."

"పర్వాలేదండి."

"కాయితం ఇవ్వండి."

మత్తు ఇచ్చే డాక్టరు అమ్మ దగ్గు చూసి ఒప్పుకోలేదు. ముందు నెమ్ము తగ్గాలన్నాడు. ఆక్సిజన్ పెట్టారు. అమ్మ ఇంకొన్నాళ్లు ఆ విరిగిన కాలితోనే మంచం మీద ఉంది. నా లెక్కకు ఆమె కట్టిన వడ్డీ అది. వీపు మీద పుండు లేచింది. చివరికి ఆపరేషను చేశారు.

చేసిన మర్నాడు నర్సు వాకరు తెచ్చి మంచం పక్కన పెట్టింది. అమ్మ చిక్కిపోయింది. గొంతులో ఇంకా గురక ఉంది.

"ఏం పెట్టిండ్రురా?"

"బంతి మెటల్‌ది. గిన్నెల ప్లాస్టిక్."

ఆమె నా వైపు కాసేపు చూసింది. దుకాణంలో కొత్త ఏజెంటును చూసినట్టు.

"గోరు వెట్టి చూసినవా?"

"చూసిన."

"దిగిందా?"

"దిగలే."

"మరింకేంది? లేపు."

ఒక చెయ్యి నర్సు పట్టుకుంది, ఒకటి నేను. నాకు అప్పుడు కూడా ఏమీ అనిపించలేదు. ఆమె వేళ్లు నా భుజం మీద బిగుసుకున్నాయి, గోర్లు చొక్కాలోంచి దిగాయి. ఆపరేషను చేసిన కుడికాలు నేల మీద పెట్టింది. నిలబడింది. కాసేపు దగ్గి, ఊపిరి సరిచేసుకుని, బాత్రూము ఎటు అని నర్సును అడిగింది.