కొసరి వడ్డించే చెయ్యి

గుడివాడలో సుగుణ చేతి భోజనం తిని తేలిగ్గా లేచినవాడు లేడు. చాలంటే వినదు. విస్తట్లో చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోస్తుంది. ఒకరికి పెట్టాలన్నా పెట్టి పుట్టాలని ఆవిడ నమ్మకం. నమ్మకం మంచిదే. తినేవాడికి ఉండేది ఒక్క పొట్టేనని ఆవిడకి చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

దీపావళి వెళ్ళిన రెండో రోజు భగినీ హస్త భోజనం. ఆ పూట తోబుట్టువు చేతి అన్నం తిన్న మగవాడి జోలికి యముడు రాడంటారు. అవనిగడ్డలో వ్యవసాయం చేసుకునే తమ్ముడు నరసింహారావు ముప్ఫై ఏళ్ళుగా ఆ రోజు తప్పకుండా అక్క ఇంటికి వచ్చేవాడు. నిరుడూ వచ్చాడు. ముద్దపప్పు, గుమ్మడికాయ పులుసు, అరటికాయ వేపుడు, బొబ్బట్లు, గడ్డపెరుగు. మూడుసార్లు చెయ్యి అడ్డం పెట్టాడు. మూడుసార్లూ ఆవిడే గెలిచింది.

నాలుగో రోజుకి ఒళ్ళంతా నీరు పట్టి, ఊపిరాడక బందరు ఆసుపత్రిలో చేరాడు. కిడ్నీలు దెబ్బతిన్నాయనీ, పండగలైనా సరే ఉప్పూ పప్పూ తగ్గించి తినమనీ డాక్టరు ఆర్నెల్ల ముందే చెప్పాడట. ఆ మాట అక్క దగ్గర దాచాడు. తెలిస్తే ఆ పూట పెట్టదని భయం. ఒక్క భోజనంతో వచ్చిన జబ్బు కాదని డాక్టరు ఎంత చెప్పినా సుగుణ చెవికెక్కలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభమని రోజూ ఏడ్చేది. ఇప్పుడు అతనికి వారానికి మూడుసార్లు బందరులో డయాలసిస్. తాగే నీళ్ళకి కూడా కొలతే.

ఈ ఏడు ఆవిడ పిలవలేదు. పిలవనని దేవుడి ముందు ఒట్టు పెట్టుకుంది. ఆ రోజు పొయ్యి కూడా వెలిగించలేదు. తొమ్మిదింటికి మరదలు బిందు ఫోన్ చేసింది.

"వదినగారూ, మీ తమ్ముడు పొద్దుట్నించి ఏమీ ముట్టుకోలేదండీ. అక్క పెడితేనే తింటానని కూర్చున్నారు."

సుగుణకి కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఏం పెట్టొచ్చో, ఎంత పెట్టొచ్చో బిందుని అడిగి రాసుకుంది. బీరకాయ ముక్కలు ఉడకబెట్టి, ఆ నీళ్ళు వంచేసి కూర చేసింది. అలవాటు కొద్దీ ఉప్పు డబ్బా మీదికి వెళ్ళిన చేతిని వెనక్కి లాక్కుంది. గుప్పెడన్నం, ఆ కాస్త కూర చిన్న కేరేజీలో సర్దుకుని బస్సెక్కింది. పామర్రులో బస్సు మారి, పులిగడ్డ దాటి ఇల్లు చేరేసరికి ఒంటిగంట దాటింది.

నరసింహారావు అప్పటికే పీట వేసుకుని కూర్చున్నాడు. ఎప్పుడూ విస్తరంతా నింపి పెట్టే మనిషికి ఆ గుప్పెడు మెతుకులు వడ్డిస్తుంటే సిగ్గేసింది. అతను మాత్రం నెమ్మదిగా, ఒక్కో ముద్దా నమిలి నమిలి తిన్నాడు. అయిపోయినా లేవలేదు.

"కొసరవేంటక్కా?"

"ఇంకేం లేదురా. అంతే తెచ్చాను."

"లేకపోతే ఉత్త గరిటె పట్టుకునైనా అడుగు. నువ్వు బతిమాలకుండా పెడుతుంటే ఇదే ఆఖరి భోజనమేమో అనిపిస్తోంది."

సుగుణ ఖాళీ గరిటె తీసుకుని విస్తరి మీదికి వంగింది.

"ఇంకొంచెం వేసుకోరా నాన్నా. ఏం తిన్నావని."

డయాలసిస్ సూదులకి నరాలు ఉబ్బిపోయిన ఎడం చేతిని అతను విస్తరికి అడ్డం పెట్టాడు.

"చాలక్కా. కడుపు నిండిపోయింది."

ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి, తమ్ముడు చాలనగానే ఆవిడ గరిటె వెనక్కి తీసుకుంది.