కన్నం పడ్డ డిస్కు

మెకానిక్కుకి తన చెవి మీద మహా నమ్మకం. కంప్యూటర్ డబ్బా మూత తీయకుండానే, లోపల డిస్కు టక్ టక్‌మని కొట్టుకోవడం విని, "ఇది పోయింది, తీసెయ్" అనేసేవాడు. చాలాసార్లు నిజమే అయ్యేది. అదే అతని కొంప ముంచింది.

ఆ రోజు డబ్బా మోసుకుని అక్క వచ్చింది. బావకు గొంతులో కంతి లేచి, ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేశారు. ఆస్పత్రికి వెళ్లేముందు ఆయన కూతురి కోసం కథలు చదివి ఆ కంప్యూటర్‌లో రికార్డు చేసుకున్నాడు. ఇంకో కాపీ లేదు. ఆ గొంతు ఇంకా ఎక్కడైనా మిగిలి ఉందంటే ఆ డిస్కులోనే. అదేమో ఒక పూట తెరుచుకుంటుంది, మరో పూట అసలు డిస్కే లేదంటుంది.

"ఇంకొక్కసారి చూడరా తమ్ముడూ" అంది అక్క.

చూశాడు. అదే డబ్బాలో, అదే కరెంటు తీగతో. డిస్కును ఊడదీసి వేరే మంచి కంప్యూటర్‌కు తగిలించి చూడండిరా అని పనివాళ్లకు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పేది తనే. సొంత అక్క దగ్గరికొచ్చేసరికి చెవి చాలనుకున్నాడు. ఏం చెవి, తగలెయ్యనా!

"లాభం లేదక్కా. పోయిన రికార్డింగులు తీసిస్తాం అనేవాళ్ల చుట్టూ తిరిగి బుర్ర పాడుచేసుకుంటావ్. ఆశ వదిలెయ్."

చచ్చిన డిస్కు ఆ షాపు గడప దాటాలంటే దానికి డ్రిల్లుతో కన్నం పడాల్సిందే, పరాయివాళ్ల చేతిలో పడినా పనికిరాకుండా. అతను పెట్టుకున్న కట్టుబాటు అది. అక్క కళ్లముందే వేశాడు. ఆమె ఆశ కూడా అక్కడితో తెగిపోతే మేలని, పాపం, ప్రేమతోనే వేశాడు. ఆమె చెవులు మూసుకుంది.

"పారేసేదే కదక్కా, నీకెందుకు?"

"నా దగ్గరుండనీరా" అని సంచిలో వేసుకుంది.

కొత్త డిస్కు వేసి పంపాడు. వారం తిరక్కుండానే అక్క ఫోన్ చేసింది. "మళ్లీ అదే చప్పుడురా."

అతను పనిముట్ల సంచి తీసుకుని పరుగెత్తాడు.

అక్క ఇంట్లో డబ్బా మూత తీశాడు. బావ మెడకు గుడ్డ చుట్టుకుని కుర్చీలోంచి చూస్తున్నాడు. పాప ఆయన మోకాలికి ఆనుకుని నిలబడింది. కొత్త డిస్కు టక్ టక్‌మంటోంది. దానికి కరెంటు తెచ్చే తీగను వేలితో నొక్కాడు. చప్పుడు ఆగిపోయింది. వదిలాడు. టక్, టక్. తీగ చివర ప్లగ్గులో రేకు వదులైంది, అంతే. కరెంటు సరిగ్గా అందక కొట్టుకుంది తప్ప డిస్కుకు ఏ జబ్బూ లేదు. తన సంచిలోంచి వేరే తీగ తీసి మార్చాడు.

"ఏమైందిరా?"

"తీగ పాడైందక్కా. డిస్కు బాగానే ఉంది." దాచడం అతనివల్ల కాలేదు. "అప్పటిది కూడా... బాగానే ఉండుంటుంది."

బావకు అర్థమైంది. నోరు తెరిచాడు. పెదవులు కదిలాయి, గాలి తప్ప ఏమీ రాలేదు. ఆ గాలి వింటుంటే అతనికి చచ్చిపోవాలనిపించింది.

అక్కకు అర్థం కాలేదో, అర్థం చేసుకోవడం ఇష్టం లేదో! లోపలికెళ్లి బీరువాలోంచి పాత డిస్కు తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"ఇప్పుడు మంచి తీగ వేశావుగా. ఇది పెట్టు."

"అక్కా, దీనికి నేను..."

"పెట్టరా. పాప వింటుంది."

పాప అప్పటికే స్పీకరుకు చెవి ఆనించింది. అతను డిస్కు తగిలించి స్విచ్చి వేశాడు. లోపల ఏదో కరకరమని గీసుకుంది. ఈసారి అతని చెవి పొరపాటు పడలేదు.