తాళం వేసిన ముప్పై ఎనిమిది ఇళ్లు

మా పేట ఆరోగ్య కేంద్రం సాయంత్రంపూట మూతపడటానికి కారణం నేను.

అక్కడ ఉన్నది ఒక్క డాక్టరమ్మ, ఒక్క నర్సు. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు తెరిచేవారు. అలా రెండుపూటలా కుదరడం లేదని, ఆ నాలుగు గంటలూ ఏదో ఒక పూటకే మార్చాలని పై ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. ఏ పూట మేలో జనాన్నే అడిగి తేలుద్దామని డాక్టరమ్మ ఒక అధ్యయనం పెట్టుకున్నారు. పేటలో పన్నెండు వందల ఇళ్లు. అందర్నీ అడగడం అయ్యే పని కాదు కనుక, వరసలో ప్రతి ఎనిమిదో ఇల్లూ ఏరి నూటయాభై ఇళ్ల జాబితా చేశారు. తిరిగి అడగడానికి చదువుకున్న ఆడవాళ్లు కావాలన్నారు. నేను వెళ్లాను. కాలేజీలో నేను చదివింది గణాంకశాస్త్రమే. పెళ్లయ్యాక దాని అవసరం పడింది అదే మొదలు.

"తాళం ఉంటే మళ్లీ రెండుసార్లు వెళ్లండి. ఒకసారి సాయంత్రం, ఒకసారి సెలవు రోజు. అప్పటికీ దొరక్కపోతే తాళం అనే రాయండి. అంతేగానీ పక్కింటివాళ్లని అడిగి రాయొద్దు" అని డాక్టరమ్మ మొదటి రోజే చెప్పారు. నేను తల ఊపడమే కాదు, పక్కన కూర్చున్నావిడకు అర్థం కాకపోతే వివరించాను కూడా.

జాబితా సగం సగం చేసి ఆవిడకూ నాకూ పంచారు. నాలుగో రోజు ఆవిడ జ్వరంతో మానేస్తే, మొత్తం నేనే చేస్తానని ముందుకెళ్లాను. వంట ముగించి పదకొండింటికి బయల్దేరేదాన్ని. ముప్పై ఎనిమిది ఇళ్లకు తాళాలు. సాయంత్రం మళ్లీ వెళ్లాలి. వెళ్తే మా ఆయన వద్దనే మనిషి కాదు. అత్తగారు పొయ్యి వెలిగించలేనంత ముసలావిడా కాదు. నాకే మెట్లెక్కి దిగబుద్ధి కాలేదు. చెప్పిన గడువుకన్నా ముందే కాగితాలు అప్పజెప్పాలన్న ఉబలాటం ఒకటి.

మొదటి తాళం దగ్గర పక్కింటావిడ కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చింది. "వాళ్లు ఏడింటికిగానీ రారు. నన్నడుగు, నాకు నోరు లేదా?" అంది. అడిగాను. ఆవిడ చెప్పింది రాసి, పైన తాళం వేసిన ఇంటి నంబరే వేశాను. రెండో తాళం దగ్గర చెయ్యి కాస్త ఆగింది. మూడోదాని దగ్గర ఆగలేదు.

లోపల గుచ్చుతూనే ఉంది. అందుకని జాబితాలో లేని ఇళ్లు మరో యాభై తిరిగాను. సంఖ్య పెరిగితే తప్పు పలచబడుతుందని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. ఆ యాభై మందీ పదకొండింటికి తలుపు తీసినవాళ్లే. అది నాకు తట్టలేదని ఎవరైనా అంటే నమ్మకండి.

"నూటయాభై అడిగితే రెండు వందలు తెచ్చారు!" అని డాక్టరమ్మ నలుగురిలో మెచ్చుకున్నారు. చప్పట్లు కొట్టారు. ఇంట్లో మా ఆయన "లెక్కల మేడంగారూ, కంచం పెడతారా, దానికీ సర్వే చేయాలా?" అని నవ్వించాడు. "ఇన్నాళ్లకు ఆ డిగ్రీ అటక దిగింది" అన్నారు అత్తగారు.

రెండు వందల మందిలో నూట అరవై ఎనిమిది మంది పొద్దున పూటే మేలన్నారు. మరుసటి నెల నుంచి కేంద్రం తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా అయింది.

మా భవనంలో మూడో అంతస్తులో ఒంటరిగా ఉండే కుట్టుపనమ్మాయి బడిపిల్లల యూనిఫాంలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. షుగరుంది. పాదం మీద ఇస్త్రీపెట్టె పడి పుండు పడితే, రోజు విడిచి రోజు పని నుంచి వస్తూ కేంద్రంలో కట్టు మార్పించుకునేది. వేళలు మారాక తనే పాతగుడ్డ చుట్టుకోవడం మొదలుపెట్టింది. కింద వాటాలో ఉన్న నాకు మెట్ల మీద ఆమె అడుగులు తెలుసు. టకటకా ఎక్కే మనిషి, ఒక కాలు ఈడుస్తూ ఎక్కుతోంది. ఆ చప్పుడు వినిపించగానే నేను వంటింట్లో కుళాయి తిప్పేదాన్ని.

మొన్న పనికి సెలవు పెట్టి కేంద్రానికి వెళ్లిందట. కట్టు మార్పించుకోకుండానే అక్కణ్నుంచి నేరుగా మా గుమ్మంలోకొచ్చి నిలబడింది. పాదం చెప్పులో పట్టడం లేదు.

"అక్కా, ఒక్క మాట. అందర్నీ అడిగి రాసింది నువ్వేగా?"

"అవును. కూర్చో ముందు."

"కూర్చోడానికి రాలేదు. సాయంత్రం ఎందుకు తీసేశారని నర్సమ్మతో గొడవపడ్డాను. కాగితాలు తీసి చూపించింది. మా ఇంటి నంబరు కూడా ఉంది. పొద్దున బాగుంటుందని చెప్పానంట. నేనెప్పుడు చెప్పానక్కా? ఇంట్లో ఉండేది నేను, ఒక పిల్లి. మా పిల్లి చెప్పిందా?"

అత్తగారు వెంటనే అందుకున్నారు. "ఏదో నంబరు తారుమారై ఉంటుందమ్మా. మా కోడలు గిన్నె అంచున మెతుకు కనబడితే మళ్లీ తోముతుంది. దాని చేతిలో అలాంటివి జరగవు."

ఆ మాట తిట్టయినా బాగుండేది.

"తారుమారు కాదత్తయ్యా. నేనే రాశాను. పైకి వెళ్లలేదు."

"మరి చెప్పిందెవరు?"

నేను అత్తగారి వైపు చూశాను. ఆవిడ గొంతు బాగా తగ్గింది. "ఆవేళ నేను కూరలు తరుగుతుంటే నన్ను అడిగావు చూడు, అదేనా?"

"అదే."

కుట్టుపనమ్మాయి అరుస్తుందనుకున్నాను. మెట్లవైపు చూసింది. "పైకి ఎన్ని మెట్లక్కా?"

"నలభై రెండు."

"తెలుసే నీకు!" అని రెయిలింగు పట్టుకుంది. ఒక్కొక్క మెట్టే ఎక్కుతుంటే, ఈసారి కుళాయి తిప్పలేదు.

మర్నాడు జాబితాలో ఆ ముప్పై ఎనిమిది నంబర్ల కింద ఎర్రగీత గీసి, వీటికి పక్కవాళ్ల మాటే రాశానని చెప్పి డాక్టరమ్మ ముందు పెట్టాను. ఎందుకు చేశారని అడుగుతారేమోనని దారి పొడవునా జవాబు కూర్చుకున్నాను. ఆవిడ అడగలేదు. గీతలన్నీ చివరిదాకా చూశారు.

"ఆ యాభై ఎక్కడివి?"

"పగలు ఇంట్లో ఉన్నవాళ్లవే."

"రెండు వందలు కాదు, రెండు వేలు తెచ్చినా ఇంతే కదండీ. పగలు పనికెళ్లేవాళ్లు ఇందులో లేనే లేరు. మీకు నేను చెప్పాలా?" కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "నా సంతకంతో పైకి పంపాను. తప్పని ఇప్పుడు నేనే రాయాలి. వేళలు మళ్లీ మారుస్తారో లేదో చెప్పలేను. ఆ యాభై పక్కన పెట్టేయండి. ఈ ముప్పై ఎనిమిదీ మళ్లీ అడిగి తెండి. నర్సు మీ వెంట వస్తుంది."

కాపలాకని ఆవిడ అనలేదు. నేనూ అడగలేదు.

సాయంత్రం ఆరూ ముప్పావుకు నర్సుతో కలిసి నలభై రెండు మెట్లూ ఎక్కాను. కుట్టుపనమ్మాయి తలుపు తీసి, మంచం మీద కూర్చుని కాలు స్టూలు మీదకు చాపింది. నర్సు పాతగుడ్డ విప్పింది. వాసనకు నేను మొహం తిప్పుకోబోయి ఆగిపోయాను.

"ఆరోగ్య కేంద్రం ఏ వేళ తెరిస్తే మీకు వీలు?"

"మీకు అంటున్నావేంటక్కా కొత్తగా? తెలీదా నీకు?"

"తెలుసు. మీరు చెప్తేనే రాయాలి."

"సాయంత్రం."

రాశాను. "ఏదీ, ఇలా ఇవ్వు" అని కాగితం లాక్కుని పైనున్న నంబరూ, కింద గుర్తూ వేలుపెట్టి చూసుకుంది. నర్సు కొత్త కట్టు ముడి వేశాక తిరిగి నా చేతికిచ్చింది. "సరే, వెళ్లు. ఇంకా చాలా ఉన్నాయిగా."

రెండో ఇల్లు వెనక వీధిలో. వెళ్లేసరికి తాళం ఉంది. పక్క గుమ్మంలోంచి, మొదటిసారి మంచినీళ్లిచ్చిన ఆవిడే, "మళ్లీ వచ్చావా! వాళ్లింకా రాలేదు, రా, కూర్చో" అని కుర్చీ జరిపింది. నర్సు నా మొహం వంక చూసింది.

"వద్దండీ" అని, ఆ తాళం వేసిన గుమ్మం ముందు మెట్టు మీద కూర్చున్నాను.