నైపుణ్యం లేని పని

"ఆమె ఏం పని చెయ్యదమ్మా. ఇంట్లనే ఉంటది," అన్నడు నా మొగుడు ప్రవీణ్‌కుమార్, గుమ్మంల నిలబడ్డ సర్వే పిల్లతోటి.

నేను వంటింట్ల చేపల పొలుసు గీకుతున్న. పొద్దున అయిదింటికే లేచి, ఒక మందుల కంపెనీల ఆడోళ్లు చేసే పని మీద రిపోర్టు ముప్పయ్యో పేజీ ముగించి పంపిన. మధ్యల ఆయనకు రెండు మాట్ల చాయ్ పెట్టిన. పన్నెండేండ్ల కింద గిట్లాంటి సర్వేకే ప్రశ్నలు రాసిచ్చిన కమిటీల నేనుంటి. ఆడోళ్ల పని గురించి మొగోళ్లను అడగొద్దని ట్రైనింగుల గొంతు పోయేదాక చెప్పిన. ఇప్పుడు నా ఇంట్ల నా గురించి ఆయన్నే అడిగిన్రు, ఆయనే చెప్పిండు. చేతులు కడుక్కొని ముందటింట్లకు వచ్చేసరికి పిల్ల గేటు దాటింది. ఆయన టీవీ పెట్టుకొని కూసున్నడు. "చేపలైనయా?" అన్నడు.

నేను చదివింది శ్రామిక అర్థశాస్త్రం. ఎవరు ఏం పని చేస్తరు, ఆ పనికి ఎవరు విలువ కడ్తరు, ఎందుకు గంతే కడ్తరు, ఇది చూసే చదువు. మా అమ్మ సోమమ్మ ఇస్మాయిల్‌ఖాన్‌పేటల నాట్లేసి, కలుపు తీసి, పొలాలు ప్లాట్లయినంక పటాన్‌చెరు బస్సెక్కి కంపెనీల సీసాలు కడగవోయింది. నేను ఆ పని గురించి పుస్తకాలల్ల ఏం రాసిన్రో చూద్దామని యూనివర్సిటీకి పోయిన. అక్కడ ప్రొఫెసర్ సూర్యప్రకాశరావు ఉండె. "నీది మంచి ఫీల్డ్ వర్కమ్మా, సృజనా. సిద్ధాంతం సంగతి నేను చూసుకుంటాను," అన్నడు. మూడేండ్లు ఎండల పడి కంపెనీల గేట్ల ముందు నిలబడి నేను రాసిన అధ్యాయాలు ఆయన పేరు మీద పుస్తకమై వచ్చినయి. ముందుమాట చివర్ల నాకు ఒక లైను: 'ఓపికగా సహకరించిన చిరంజీవి సృజనకు ఆశీస్సులు.' పుస్తకం ఆవిష్కరణ నాడు చాయ్ కప్పులు అందించే పని గూడ నాకే చెప్పిన్రు. కూలోళ్ల మీద నాలుగు వందల పేజీలు తన పేరు మీద ఏసుకున్న మనిషికి తన ఇల్లూడ్చే ఆమె పేరు తెల్వదు. డాక్టరేట్ వచ్చిన నాడు మా అత్త "సూదేస్తవా మరి?" అని అడిగింది. ఏయనన్న. "గట్లైతే ఏం డాక్టర్‌వే," అని బియ్యం చాట చేతికిచ్చింది.

తర్వాత గవర్నమెంటు. డిప్యుటేషన్ మీద ఒక ఆఫీసుల ఆరేండ్లు పనిచేసిన. బాత్రూంకు పోవాలన్నా సూపర్‌వైజర్‌ను అడిగి టోకెన్ తీసుకోవాలని కంపెనీల ఆడోళ్లు చెప్పింది చెప్పినట్టు ఒక అధ్యాయం రాసిన. పెద్దాఫీసరు రాంచందర్ ముక్కు మూసుకున్నంత పని చేసిండు. "మేడం, ఈ బాత్రూంల లొల్లి గవర్నమెంటు రిపోర్టుల ఎందుకు? మర్యాదగుండదు." తీసేసిండు. తీసేసిన రిపోర్టు మీద నేను సంతకం పెట్టిన. ఇది దాచుకోను. "పెద్దోళ్లతోని నీకెందుకు, ఊకో, ప్రమోషనొస్తది," అన్నడు ప్రవీణ్. ఊకున్న. ప్రమోషన్ రాంచందర్‌కొచ్చింది. నేను చీదరించుకునేటోళ్ల లైన్ల నేను గూడ నిలబడ్డ, చాన దినాలు.

రెండేండ్ల కింద నౌకరి విడిచిపెట్టి ఒక కన్సల్టింగ్ సంస్థకు రిపోర్టులు రాసుడు మొదలువెట్టిన. దాని డైరెక్టర్ పవన్‌కుమార్‌కు ముప్పై రెండేండ్లు. కార్మికుడంటే ఆయనకు తెలిసింది స్లైడ్ల మీద పసుపు టోపీ పెట్టుకున్న బొమ్మ. మొన్న నాకిచ్చిన పని ఇది: పటాన్‌చెరు దిక్కు ఒక మందుల కంపెనీల ప్యాకింగ్ ఆడోళ్లు అరవై మంది సంగారెడ్డి కార్మిక ఆఫీసుల అర్జీ పెట్టిన్రు. మమ్ముల హెల్పర్లని రాసి తక్కువ జీతమిస్తున్నరు, మాది నేర్చుకున్న పని, అట్ల రాయాలె అని. ఆ పని ఎసొంటిదో చూసి చెప్పమని కంపెనీయే మా సంస్థకు పైసలిచ్చింది. "పూర్తిగా ఇండిపెండెంట్ స్టడీ మేడం," అన్నడు పవన్.

నాలుగు దినాలు కంపెనీల కూసున్న. అరుణమ్మ అనే ఆమె పద్నాలుగేండ్ల నుంచి అదే బెల్టు కాడ ఉన్నది. గోలీల పట్టీలు బెల్టు మీద ఉరుకుతుంటే, అంచు విరిగిన ఒక్క గోలీని చూసి, బెల్టు ఆగకుండనే తీసి పక్కకేస్తది.

"ఎట్ల కనవడ్తది నీకు?" అని అడిగిన.

"కండ్ల కంటె ముందు చెవులకు తెలుస్తది మేడం. మిషన్ సప్పుడు మారుతది. గప్పుడే అంచులు ఇరుగుతయి. నేను సెప్తెనే మెకానిక్ వస్తడు."

"కొత్తోళ్లకు ఎవరు నేర్పుతరు?"

"నేనే. బీహార్ పోరగాండ్లకు హిందీల నేర్పిన. ఆర్నెల్లల్ల వాండ్లు ఆపరేటర్లయిన్రు." నవ్వింది. "నేను హెల్పర్‌నే."

ఆమె చెప్పింది, నేను చూసింది, అంతా రాసి పంపిన. ప్రవీణ్‌కు చేపల కూర వడ్డిస్తుంటే పవన్ ఫోన్ చేసిండు. చేతులు ఖాళీ లేక స్పీకర్ పెట్టిన.

"అద్భుతం మేడం. ఒకే ఒక్క చిన్న మార్పు. 'నైపుణ్యం గల పని' అన్నచోట 'నైపుణ్యం లేని పని' అని పెడుతున్నాం. మిగతాదంతా మీదే."

"అది మార్చినంక నా ముప్పై పేజీలు దేనికి పవన్?"

"సంతకానికి మేడం," అన్నడు, ఎగతాళి లేకుండ, నిజంగ.

బల్ల కాడ తింటున్న ప్రవీణ్ అంతా విన్నడు. "సంతకం పెట్టెయ్. ఇప్పుడు నువ్వేమన్న లీడర్‌వా? బెల్టు కాడ నిలబడుడు గూడ ఒక నైపుణ్యమేనా? మీ అమ్మ సీసాలు కడిగింది, అదీ నైపుణ్యమేనా?" ఆయన పళ్లెంల చేప ముక్కకు ఒక్క ముల్లు లేదు. ఇరవై ఎనిమిదేండ్ల నుంచి నేనే ఏరి పెడ్తున్న. నమిలి మింగుతున్న ఆ నోరును చూసిన. కోపం రాలే. కోపం రావాలన్న ఎదురుంగ ఒక మనిషి కనవడాలె.

మార్చిన కాయితం మీద పవన్ ఎన్ని మాట్ల అడిగినా సంతకం పెట్టలే. బేస్తవారం సంగారెడ్డి కార్మిక ఆఫీసుల విచారణ. ఇంట్ల చెప్పకుండనే బస్సెక్కిన. కంపెనీ వకీలు నన్ను చూసి లేచి కుర్చీ జరిపిండు. "రండి మేడం, మీరు మా తరఫే." నేను పోయి అరుణమ్మ పక్కన బెంచీ మీద కూసున్న. నేను రాసిన ముప్పై పేజీలు, ఒక్క మాట మార్చి పవన్ పంపిన కాయితం, రెండూ ఆఫీసర్ ముందట పెట్టిన.

వకీలు గొంతు సవరించుకున్నడు. "సార్, చెప్పడానికి బాధగ ఉంది. ఈ మేడంకు కొన్ని నెలల నుంచి మనసు బాగలేదు. ఏం రాస్తుందో ఆమెకే తెల్వదట. నిన్న ఆమె భర్తే కన్సల్టింగ్ సంస్థకు ఫోన్ చేసి చెప్పిండు, ఆమె మాట పట్టించుకోవద్దని."

గదిల అందరు నా దిక్కు చూసిన్రు. అరుణమ్మ నా మోచెయ్యి పట్టుకున్నది. నేను ఏడుస్తనని అనుకున్నదేమో. నాకు నవ్వొచ్చింది. ఒక సంతకం కోసం పెండ్లాన్ని పిచ్చిదాన్ని చేసేటంత చిన్న మనిషి కోసం ఇన్నేండ్లు ఊకున్ననా అని.

"సార్," అన్న, "నా మనసు సంగతి తర్వాత చూద్దం. ఇందుల తప్పున్న పేజీ ఒక్కటి చూపియ్యమనండి."

వకీలు కాయితాలు తిరగేసిండు. మళ్ల తిరగేసిండు. చదువుకొని రాలేదని ఆఫీసర్‌కు గూడ అర్థమైంది. "రిపోర్టు రికార్డుల పెడ్తున్న," అన్నడాయన. "వచ్చే వారం నేనే కంపెనీకి పోయి ఆ బెల్టు కాడ నిలబడి చూస్త. మేడం, ఇది జల్దీ తెగేది కాదు. ప్రతి వాయిదాకు రావాల్సొస్తది."

"వస్త సార్."

బయటికొచ్చినం. సంస్థల నా పని బందైందని పవన్ మెసేజ్ పెట్టిండు. ప్రవీణ్ తొమ్మిది మాట్ల ఫోన్ చేసిండు. పదోసారి ఎత్తిన. "యాడున్నవే? నీ మంచికే చెప్పిన. జల్దీ ఇంటికి రా, పొద్దున్నుంచి నేనేం తినలే," అన్నడు. ఫోన్ పెట్టేసిన.

"మా గురించి మీ ఇంట్ల లొల్లయ్యేటట్టుంది మేడం," అన్నది అరుణమ్మ.

"ఇక్కడ బస్టాండ్ దగ్గర కిరాయికి ఇల్లు దొరుకుతదా అరుణమ్మా?"

"దొరుకుతది. మా సెల్లె ఇంటెనక ఒక చిన్న అర్ర ఖాళీగుంది. సారు గూడ వస్తే రెండర్రలదైతే మంచిగుంటది."

"ఒక్క అర్ర చాలు," అన్న.