చిన్నికి శ్రావణ ముహూర్తం

పటమటలో పద్మావతమ్మగారికి తెలియని విషయం లేదు. ఏదైనా ఉంటే, అది తెలుసుకోవాల్సినంత గొప్పది కాదని ఆవిడ నమ్మకం.

అలాంటావిడ తన లాబ్రడార్ కుక్క చిన్నికి ఇబ్రహీంపట్నంలో సంబంధం కుదిర్చింది. పెళ్ళికొడుకు ఓ ఇంజనీరుగారి కుక్క, తేనెరంగు, మంచి జాతి. పుట్టబోయేవాటిలో మొదటి పిల్ల ఆడపడుచు సంపూర్ణమ్మకేనని మాట కూడా ఇచ్చేసింది. "మా వదిన ఇంట్లో నెయ్యితో సహా అన్నీ కల్తీయే" అని నలుగురిలో అన్న మహాతల్లి ఆ సంపూర్ణమ్మ. ఆ నోరు మూయించాలంటే జాతి పిల్లే కావాలి మరి!

ఆషాఢంలో చిన్ని ఎదకొచ్చింది. హాల్లో టైల్స్ మీద నెత్తుటి చుక్కలు చూసి పద్మావతమ్మ "రామ రామ!" అంటూ దాన్ని వెనక వరండాలోకి తోలింది. చాప వేరు, గిన్నె వేరు. నెలకి మూడ్రోజులు ఆ వరండా కోడలు ఉషశ్రీది. బ్యాంకులో ఆఫీసరే, అక్కడ అందరూ మేడమ్ అంటారు. ఇంటికొస్తే వాషింగ్ మెషీన్ పక్కన చాప. ఏడేళ్ళకి ఓ తోడు దొరికింది.

ఉషశ్రీ పశువుల డాక్టరుని అడిగొచ్చింది. "అత్తయ్యగారూ, ఇది మూడు వారాల వ్యవహారమటండీ. మొదటి వారం మగకుక్కని దగ్గరికి రానివ్వదట. నెత్తురు పలచబడ్డాకే అసలు రోజులు. ఇబ్రహీంపట్నం తీసుకెళ్ళాల్సిందీ అప్పుడే, గేటు వేసుకోవాల్సిందీ అప్పుడే."

"ఆషాఢంలో శోభనమా? బుద్ధుందా నీకు? శ్రావణ శుక్రవారం వెళ్దాం."

"అది కుక్కండీ!"

"అయితే? మనింటి కుక్క."

తొమ్మిది రోజులు కాపలా అంటే అదీ కాపలా! గేటుకి గొలుసు, ఆవిడ చేతిలో కర్ర. టిఫిన్ బండి దగ్గరుండే చుట్టతోక నల్లకుక్క గేటు బయట ఓపిగ్గా పడుకుంది. పాపం, దానికి పంచాంగం తెలీదు. పదో రోజుకి చుక్కలు ఆగాయి. చిన్నికి పసుపునీళ్ళతో తలంటి, "మైల తీరింది" అని గేటు బార్లా తెరిచి, పద్మావతమ్మ హాయిగా టీవీ ముందు కూర్చుంది. సాయంత్రం ఉషశ్రీ బ్యాంకు నుంచి వచ్చేసరికి చిన్ని లేదు. కాసేపటికి తనే వచ్చింది. గేటు దాకా సాగనంపడానికి నల్లకుక్క కూడా వచ్చింది.

"కాస్త గాలి పీల్చుకొచ్చింది. నీకన్నీ అనుమానాలే!" అంది పద్మావతమ్మ.

శ్రావణ శుక్రవారం చిన్నికి బొట్టుపెట్టి ఇబ్రహీంపట్నం తీసుకెళ్ళారు. పెళ్ళికొడుకు దగ్గరికి రాగానే చిన్ని గుర్రుమని కరవబోయింది. "కొత్త కదా, సిగ్గు" అని సర్దిచెప్పింది పద్మావతమ్మ. తర్వాత చిన్ని పొట్ట పెరిగింది. అంతా ముహూర్తబలమే అంది.

వినాయక చవితి వెళ్ళాక అయిదు పిల్లలు పుట్టాయి. అయిదూ బొగ్గునలుపు, తోకలు చుట్టలు తిరిగి. తన పిల్లని తీసుకెళ్దామని సంపూర్ణమ్మ పళ్ళబుట్టతో సహా దిగింది. ఒకదాన్ని ఎత్తి, తోక చూసి, "వదినా, ఇబ్రహీంపట్నం ఎందుకు వెళ్ళారు? టిఫిన్ బండి దగ్గరే కదా!" అని పడీపడీ నవ్వింది. పద్మావతమ్మకి ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రమే ఉషశ్రీ చాప చంకన పెట్టుకుని వెనక వరండాకి నడిచింది. చిన్నీ, పిల్లలూ పరుచుకుని అక్కడ కాలు పెట్టే చోటు లేదు.

"అక్కడెక్కడ పడుకుంటావు? లోపలికి రా" అంది పద్మావతమ్మ.

"మైల కదండీ, అత్తయ్యగారూ?"

పద్మావతమ్మ నల్లపిల్లల వంక చూసింది. "ఆ లెక్క కుక్క దగ్గరే తప్పింది. ఇంక నోరెత్తకుండా నీ గదిలో పడుకో."

ఉషశ్రీ ఏడేళ్ళ చాపని చిన్ని పిల్లల కింద పరిచి, లోపలికెళ్ళి తలుపేసుకుంది.