భూమన్న బొటనవేలు

కంపెనీ ఆఫీసు గుమాస్తాగా ఆ రోజు నా పనులు: అరవై దాటినవాళ్ల ఎగ్జిట్ కాగితాలు తీయడం, ఆ పరాయి దేశంలో ఉండనిచ్చే ఇకామా కార్డులు వాపసు తీసుకోవడం, సర్వీసు డబ్బు ముట్టిందని వేలిముద్ర వేయించడం. విదేశీ పనివాళ్ల మీద తలకింత అని అక్కడి ప్రభుత్వం వేసే లెవీ పెరిగిందని కంపెనీ ముసలివాళ్లను ఇంటికి పంపేస్తోంది.

సులైలోని లేబర్ క్యాంపులో మేస్త్రీ భూమన్న ఒప్పుకోలేదు.

“ఇర్వై రెండేండ్లు చేసిన. పైసలు ముట్టకుంటనే ముట్టినయని ఎట్ల ఒత్తాలె సారూ? ముసలితనంల నేనేం తినాలె?”

ఫోర్‌మన్ అతన్ని గోడకేసి కొట్టి ఎడమచెయ్యి లాగాడు. భూమన్న విదిలించుకుని, పక్కనున్న సుత్తితో ఆ చేతి బొటనవేలిని తానే చితక్కొట్టుకున్నాడు.

“ఇగ ఒత్తించుకో బిడ్డా!”

“కుడిది ఉంది కదా. పట్టుకో,” అన్నాడు ఫోర్‌మన్ నాతో.

మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే. చెప్పిన పని చేయడమే తెలుసు. పట్టుకున్నాను. భూమన్న అరుస్తుండగానే ముద్ర పడింది.

నన్ను క్షమించకపోయినా సరే, భూమన్నను మాత్రం గుర్తుంచుకోండి.